ఎక్కడానికి రైలు, దిగడానికి కాళ్లు: స్విట్జర్లాండ్ యుంగ్‌ఫ్రౌ కొండల్లో నడిచేవారికి

మొదటిసారి గ్రూప్ టూర్‌లో వెళ్లాం. క్లైనె షైడెగ్ అనే స్టేషన్‌లో దిగి, ఎదురుగా ఉన్న ఎర్ర రైలెక్కి, పైన మంచులో ఉండే యుంగ్‌ఫ్రౌయోఖ్ స్టేషన్ చేరి, మంచులో ఫొటోలు దిగి, అక్కడే ఉన్న ఇండియన్ రెస్టారెంట్‌లో అన్నం తిని, సాయంత్రానికి బస్సులో పడ్డాం. ఆ రోజు నాకు బాగా గుర్తుండిపోయింది మంచు కాదు. కిటికీ అవతల, పట్టాల పక్కనే ఉన్న మట్టిదారిలో చేతికర్రలతో తాపీగా నడిచిపోతున్న ఓ ముసలి జంట. వాళ్లు చూస్తున్న కొండనే మేమూ చూస్తున్నాం, కానీ వాళ్లకి తొందర లేదు.

నాలుగేళ్ల తర్వాత అమ్మానాన్నల్ని తీసుకుని, ఆ దారుల కోసమే మళ్లీ వెళ్లాను. ఈ మార్గదర్శి అప్పుడు నేర్చుకున్నదాన్ని బట్టి రాసినది. యూరప్‌లో నడవడానికి మంచి చోట్లు చాలా ఉన్నాయి. ట్రెక్కింగ్ అలవాటు లేని మన కుటుంబాలకి మొదటిసారికి నేను చెప్పేది మాత్రం ఇదే ప్రాంతం. కారణం ఒక్కటే. ఇక్కడ ఎక్కే కష్టమంతా రైళ్లు, కేబుల్ కార్లు పడతాయి. మనం పైన చదునుగా నడవొచ్చు, లేదా కిందికి దిగొచ్చు. మధ్యలో ఓపిక అయిపోతే దగ్గర్లో ఏదో ఒక స్టేషన్ ఉంటుంది.

ముందు నెల, ఆ తర్వాతే టికెట్

చాలామంది వేసవి సెలవులు కదా అని ప్రయాణం మే నెలకి బుక్ చేసేస్తారు. మేలో కింద లోయ పచ్చగా ఉంటుంది గానీ 2,000 మీటర్ల ఎత్తులో దారుల మీద మంచు ఇంకా కరగదు. పైకి వెళ్లే కేబుల్ కార్లు కొన్ని మొదలే కావు. జూన్ చివరి నుంచి సెప్టెంబర్ చివరి దాకా నడకకి సరైన కాలం. పూలు కావాలంటే జులై. ఆకాశం తేటగా, జనం కాస్త తక్కువగా ఉండాలంటే సెప్టెంబర్. పిల్లల స్కూలు ఒప్పుకుంటే నా ఓటు సెప్టెంబర్‌కే.

వీసా గురించి రెండు ముక్కలు చాలు. స్విట్జర్లాండ్‌కి కావలసిన షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు. దానికి కనీసం 30,000 యూరోల కవర్ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ ఎలాగూ తీసుకోవాలి. తీసుకునేటప్పుడు కొండల్లో నడక, హెలికాప్టర్ రెస్క్యూ రెండూ అందులో ఉన్నాయో లేదో చదివి చూడండి. కొండ మీద కాలు మెలిక పడితే అక్కడికి వచ్చేది అంబులెన్స్ కాదు, హెలికాప్టర్. అది ఉచితం కూడా కాదు.

కాళ్లని ఇంటి దగ్గరే సిద్ధం చేసుకోవడం

అలిపిరి మెట్ల దారిలో తిరుమల ఎక్కినవాళ్లకి మోకాళ్ల పర్వతం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఆల్ప్స్‌లో మాత్రం మోకాళ్లకి పరీక్ష ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. మెట్లెక్కి కొండకి చేరి బస్సులో దిగిపోయే మనకి దిగే అలవాటు బొత్తిగా లేదు.

కాబట్టి బయల్దేరడానికి ఆరు వారాల ముందు నుంచి అపార్ట్‌మెంట్ మెట్లు పట్టుకోండి. లిఫ్టులో పైకెళ్లి, మెట్ల మీదుగా దిగండి. మొదట ఐదంతస్తులు రెండుసార్లు, తర్వాత ఆరేడుసార్లు. హైదరాబాద్‌లో ఉంటే వారానికోసారి గోల్కొండ కోట ఎక్కి దిగితే ఇంకా మంచిది, అక్కడి మెట్లు ఎత్తు పల్లాలుగా ఉంటాయి. నాన్నగారు రెండు నెలలు ఇలాగే చేశారు. నేను ఆఫీసు పని ఉందని చెప్పి తప్పించుకున్నాను. దాని ఫలితం అక్కడి ఐగర్ అనే కొండ కింద అనుభవించాను, ఆ సంగతి తర్వాత.

బూట్లు ఇక్కడే కొనండి, ఇక్కడే నెల రోజులు తొడగండి. కొత్త బూట్లు విమానంలో పట్టుకెళ్లి తొలిరోజే కొండ మీద తొడిగితే సాయంత్రానికి మడమల మీద పొక్కులు ఖాయం. అడుగున పట్టు బాగా ఉండాలి, వేళ్ల ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి. మడత పెట్టే చేతికర్రలు ఒక జత కొనండి. అవి ముసలివాళ్లకే అనుకుంటే పొరపాటు.

ఎక్కడ దిగాలి, ఏ పెట్టెలో ఎక్కాలి

జ్యూరిక్ విమానాశ్రయం కిందే రైల్వే స్టేషన్. అక్కడి నుంచి ఇంటర్‌లాకెన్ ఓస్ట్‌కి రెండు గంటల పైచిలుకు. ఇంటర్‌లాకెన్‌లోనే హోటల్ తీసుకునేవాళ్లు ఎక్కువ, కానీ నడక కోసమైతే ఇంకో అరగంట లోపలికి వెళ్లి లౌటర్‌బ్రున్నెన్‌లోనో, గ్రిండెల్‌వాల్డ్‌లోనో, వెంగెన్‌లోనో ఉండండి. పొద్దున్నే మొదటి కేబుల్ కార్ అందుకోవడానికి ఆ అరగంటే కీలకం. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ దొరికితే వదలకండి.

ఇంటర్‌లాకెన్ ఓస్ట్‌లో ఒక తమాషా ఉంది. అక్కడ ఎక్కే రైలు త్స్వైలూట్షినెన్ అనే చిన్న స్టేషన్‌లో రెండు ముక్కలవుతుంది. ఒక సగం లౌటర్‌బ్రున్నెన్‌కి, ఇంకో సగం గ్రిండెల్‌వాల్డ్‌కి పోతాయి. పెట్టె మీద ఊరి పేరు రాసే ఉంటుంది. నేను చూడలేదు. లౌటర్‌బ్రున్నెన్‌లో హోటల్ పెట్టుకుని, నాలుగు సూట్‌కేసులతో గ్రిండెల్‌వాల్డ్‌లో తేలాం. అమ్మ మాత్రం ఏమీ అనలేదు, కొండలు చూస్తూ కూర్చుంది. ప్లాట్‌ఫాం మీద పెట్టె చూసి ఎక్కండి.

టికెట్ల దగ్గర తొందరపడొద్దు. స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే గ్రిండెల్‌వాల్డ్, వెంగెన్, మ్యూరెన్ దాకా డబ్బు కట్టక్కర్లేదు, అక్కడి నుంచి పైకి రాయితీ మాత్రమే. దేశమంతా తిరిగేవాళ్లకి అది బాగుంటుంది. ఈ కొండల్లోనే నాలుగైదు రోజులు ఉండేవాళ్లు యుంగ్‌ఫ్రౌ ట్రావెల్ పాస్ ధరతో పోల్చి చూసుకోవాలి. అది మూడు రోజుల నుంచి ఎనిమిది రోజుల దాకా దొరుకుతుంది, పైనున్న ఐగర్‌గ్లెట్షర్ స్టేషన్ దాకా చెల్లుతుంది. విడివిడిగా టికెట్లు కొంటే మాత్రం గుండె గుభేల్‌మంటుంది.

పసుపు బోర్డులు చదవడం

ఫోన్‌లో మ్యాప్ ఉన్నా, ఈ దేశంలో దారి చూపేది పసుపు బోర్డులే. స్విట్జర్లాండ్‌లో ఇలా గుర్తులు పెట్టిన నడకదారులు 65,000 కిలోమీటర్లకి పైగా ఉన్నాయి. ప్రతి కూడలిలో స్తంభం, దాని మీద తెల్ల పలక. అందులో మీరు నిలబడ్డ చోటి పేరు, ఎత్తు. దాని పక్కన బాణాల్లా ఉన్న పసుపు పలకల మీద ఊళ్ల పేర్లు, పట్టే సమయం. కిలోమీటర్లు సాధారణంగా రాయరు, గంటలే రాస్తారు.

బాణం కొన చూడండి. ఉత్త పసుపు అయితే ఎవరైనా నడవగల మామూలు దారి. కొన తెలుపు-ఎరుపు-తెలుపు అయితే అది కొండదారి, వాలుగా, రాళ్లతో, ఒక్కోచోట ఇరుకుగా ఉంటుంది. మంచి బూట్లు, తడబడని అడుగు ఉండాలి. తెలుపు-నీలం-తెలుపు కనిపిస్తే అటు వెళ్లొద్దు, అది తాళ్లూ అనుభవమూ ఉన్నవాళ్లది. మధ్యలో రాళ్ల మీద, కొట్టాల గోడల మీద ఇవే రంగుల గీతలు కనిపిస్తుంటాయి. పది నిమిషాలుగా ఏ గీతా కనిపించలేదంటే దారి తప్పినట్టే, వెనక్కి తిరగండి.

బోర్డు మీద రాసిన సమయం చదును నేల మీద గంటకి 4.2 కిలోమీటర్ల వేగంతో, ఎక్కడా ఆగకుండా నడిచేవాళ్లది. మనం ఆగుతాం. ఫొటోకి ఆగుతాం, నీళ్లకి ఆగుతాం, వీడియో కాల్‌లో పిన్నికి కొండ చూపించడానికి ఆగుతాం. అందుకని బోర్డు మీద ఉన్నదానికి సగం కలుపుకోండి. పెద్దవాళ్లు ఉంటే రెట్టింపు.

మూడు జర్మన్ మాటలు గుర్తుపెట్టుకోండి. ‘గెష్పెర్ట్’ అంటే దారి మూసేశారని. ‘కైన్ ట్రింక్‌వాసర్’ అంటే తాగే నీళ్లు కాదని. ఆ బోర్డు లేని ఊరి కొళాయి నీళ్లు నిక్షేపంగా తాగొచ్చు. మూడోది అన్నిటికంటే ముఖ్యం, ‘లెట్స్టె టాల్‌ఫార్ట్’, కిందికి దిగే ఆఖరి బండి సమయం. పైకెళ్లగానే ఆ బోర్డుని ఫొటో తీసుకోండి. జులైలో రాత్రి తొమ్మిదైనా వెలుతురు ఉంటుంది, కేబుల్ కార్ మాత్రం చాలాచోట్ల సాయంత్రమే ఆగిపోతుంది.

ఆ రోజు పొద్దున

నిద్ర లేవగానే రెండు చూడాలి. ఒకటి మెటియోస్విస్ యాప్‌లో వాతావరణం. రెండు, పైనున్న వెబ్‌క్యామ్. కింద లోయలో మబ్బు కమ్మి ఉన్నా పైన ఎండ కాస్తూ ఉండొచ్చు, దానికి తిరగబడి కూడా ఉండొచ్చు. వెబ్‌క్యామ్‌లో తెల్లటి తెర తప్ప ఏమీ కనిపించకపోతే టికెట్ కొనకండి. కిందే తిరగండి, పైన రేపు.

వేసవిలో మధ్యాహ్నం దాటాక ఉరుములు మామూలే. ఎనిమిదికల్లా కేబుల్ కార్ దగ్గర ఉంటే రెండింటికల్లా నడక ముగుస్తుంది. నడకలో ఉండగా ఉరుము వినిపిస్తే గట్టు మీద నుంచి కిందికి దిగండి, ఒంటరి చెట్టు కింద నిలబడకండి, పశువుల కంచె తీగలకి దూరంగా ఉండండి.

వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు డిగ్రీల పైన చలి పెరుగుతుంది. ఊళ్లో 22 డిగ్రీలుంటే పైన 13, గాలి వీస్తే ఇంకా తక్కువ. స్వెటరు ఒకటి, గాలీ వానా ఆపే పల్చటి జాకెట్ ఒకటి సంచిలో ఉండాలి. జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు. టోపీ, సన్‌స్క్రీన్ మర్చిపోకండి. చల్లగా ఉంది కదా అనుకునేలోపే ముక్కు కాలిపోతుంది.

తిండి సంగతి. ఇక్కడి నుంచి పులిహోర పేస్టు, కారప్పొడి, జంతికలు, ఊరగాయ తీసుకెళ్లొచ్చు. మాంసం, పాలతో చేసినవి మాత్రం మన దేశం నుంచి అక్కడికి పట్టుకెళ్లకూడదు. నేతి స్వీట్లు ఇంట్లోనే వదిలేయండి. రాత్రి అన్నం వండి పులిహోర కలిపి డబ్బాల్లో పెట్టుకుంటే మర్నాడు మధ్యాహ్నానికి ఆ చలిలో కూడా చక్కగా ఉంటుంది. దద్దోజనం చల్లబడితే తినలేం, అమ్మ ప్రయోగం చేసి మరీ చెప్పింది. చాలా ఊళ్లలో ఆదివారం షాపులు మూసేస్తారు, శనివారమే సరుకులు తెచ్చుకోండి.

మొదటి నడక: మెన్‌లిఖెన్ నుంచి క్లైనె షైడెగ్

ఒక్క నడకకే టైమ్ ఉంటే ఇదే నడవండి. వెంగెన్ నుంచి కేబుల్ కార్‌లో గానీ, గ్రిండెల్‌వాల్డ్ టెర్మినల్ నుంచి గొండోలాలో గానీ మెన్‌లిఖెన్ చేరాలి. స్టేషన్ ఎత్తు 2,200 మీటర్ల పైన. దిగగానే ఎడాపెడా ఫొటోలు తీసేయకండి, ముందుకు పోయేకొద్దీ ఇంకా బాగుంటుంది.

దారి సుమారు నాలుగున్నర కిలోమీటర్లు. క్లైనె షైడెగ్ ఎత్తు 2,061 మీటర్లు, అంటే దారంతా మెల్లగా దిగుడే. వెడల్పుగా, కంకరతో ఉంటుంది. గట్టి చక్రాల బండిలో పసిపిల్లని తోసుకుపోతున్న తండ్రి ఒకాయన మాకు ఎదురయ్యాడు. అమ్మ చీర మీద స్పోర్ట్స్ షూ వేసుకుని, పైన నా జాకెట్ తొడుక్కుని నడిచింది. ఎదురొచ్చిన ప్రతివాళ్లూ ‘గ్రూయెస్సెఖ్’ అని పలకరించారు. ఆ ప్రాంతంలో నమస్కారం లాంటి మాట అది. మొదట్లో తెల్లబోయిన అమ్మ, పావుగంటయ్యాక తనే ముందు చేతులు జోడించడం మొదలుపెట్టింది.

ఈ దారిని మెన్‌లిఖెన్ వైపు నుంచే నడవాలి. ఎదురుగా ఐగర్ 3,967 మీటర్ల ఎత్తున నల్లటి గోడలా నిలబడి ఉంటుంది, అడుగడుగునా దగ్గరవుతుంది. మొదట పక్కకొండ చాటున సగమే కనిపించే మోన్ఖ్, యుంగ్‌ఫ్రౌ శిఖరాలు మలుపు మలుపుకీ కాస్త కాస్త బయటికి వస్తాయి. తిరగబడి నడిస్తే ఇదంతా వీపు వెనకాల ఉంటుంది, పైగా ఎగుడు. ఎడమ చేతి కింద గ్రిండెల్‌వాల్డ్ లోయ, ఇళ్లన్నీ అగ్గిపెట్టెల్లా. ఆవుల మెడగంటలు మనిషి కనిపించనంత దూరం నుంచి వినిపిస్తూనే ఉంటాయి.

ఆవుల గురించి ఒక జాగ్రత్త. మన వీధి ఆవుల్లా వీటి నుదురు తాకబోకండి. దూడతో ఉన్న తల్లి ఆవైతే బాగా ఎడంగా చుట్టి పోవాలి. దారికి అడ్డంగా కరెంటు తీగ ఉంటే దానికి ప్లాస్టిక్ పిడి ఉంటుంది. దాన్ని పట్టుకుని కొక్కెం విప్పి, దాటి, మళ్లీ తగిలించాలి.

బోర్డు మీద గంటన్నర లోపే రాసి ఉంది. మాకు రెండున్నర గంటలు పట్టింది, అందులో పులిహోరకి నలభై నిమిషాలు. క్లైనె షైడెగ్ నుంచి వెంగెన్‌కీ, గ్రిండెల్‌వాల్డ్‌కీ రైళ్లున్నాయి.

రెండో నడక: ఐగర్ గోడ కింద

ఇది తెలుపు-ఎరుపు-తెలుపు దారి. అమ్మని విశ్రాంతి తీసుకోమని, నేనూ నాన్నగారూ వెళ్లాం. గ్రిండెల్‌వాల్డ్ టెర్మినల్ నుంచి ఐగర్ ఎక్స్‌ప్రెస్ కేబుల్ కార్‌లో పావుగంట, ఐగర్‌గ్లెట్షర్ స్టేషన్ వస్తుంది. ఎత్తు 2,320 మీటర్లు. నడక ముగిసే ఆల్పిగ్లెన్ 1,616 మీటర్లు. ఆరు కిలోమీటర్ల దూరంలో 700 మీటర్లు దిగాలి. బోర్డు లెక్క రెండు గంటలు, మా లెక్క మూడున్నర.

తలపైకెత్తి చూస్తే గోడ, ఇంకా ఎత్తితే ఇంకా గోడ. దాదాపు 1,800 మీటర్ల నిట్టనిలువు రాయి. 1938 జులైలో నలుగురు మనుషులు మొట్టమొదటిసారి దాన్ని ఎక్కి పైకి చేరారు, వాళ్లకి ముందు ప్రయత్నించినవాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. మన దారి ఆ గోడ కాళ్ల దగ్గర, రాళ్ల గుట్టల మధ్య నుంచి పోతుంది. జూన్‌లో ఒక్కోచోట పాత మంచు పేరుకుని ఉంటుంది. దాని మీద జారితే ఆగడం కష్టం, కాబట్టి దారి తెరిచారో లేదో కింద అడిగి వెళ్లండి.

దిగడానికి ఒక పద్ధతి ఉంది. బయల్దేరే ముందు బూటు లేసులు చీలమండ దగ్గర గట్టిగా బిగించాలి, లేకపోతే కాలు ముందుకు జారి వేళ్లు బూటుకి కొట్టుకుంటాయి. ముందురోజు గోళ్లు తీసుకోవాలి. నవ్వకండి, నాకు బొటనవేలి గోరు నల్లబడి మూడు నెలలకి ఊడింది. కర్రల పొడుగు కాస్త పెంచి, అడుగు కంటే ముందు కర్ర ఆనించాలి. అడుగులు చిన్నవిగా, మోకాళ్లు కొద్దిగా వంచి. కాలు బిర్రుగా చాపి దబ్‌మని వేస్తే బరువంతా మోకాలి చిప్ప మీదే. చివరి గంటలో దారి వంకర్లు తిరుగుతూ నిటారుగా దిగుతుంది. అక్కడే నా తొడలు వణకడం మొదలైంది. అరవై నాలుగేళ్ల నాన్నగారు ముందు నడుస్తూ, “మెట్లు దిగరా అంటే విన్నావా” అన్నారు.

ఆల్పిగ్లెన్‌లో రైలెక్కితే గ్రిండెల్‌వాల్డ్.

తేలికవి రెండు

గ్రిండెల్‌వాల్డ్ నుంచి ఫిర్స్ట్ దాకా గొండోలా, అక్కడి నుంచి బాఖాల్ప్‌జే అనే సరస్సుకి మూడు కిలోమీటర్లు, గంట నడక, మొదట్లో కొంచెం ఎగుడు. వచ్చిన దారినే వెనక్కి. సరస్సులో కొండల నీడ చూడాలంటే గాలి లేవకముందే, అంటే మొదటి గొండోలాలో వెళ్లాలి. పదకొండింటికి వెళ్తే నీళ్ల మీద అలలూ, ఒడ్డు మీద జనమూ.

లౌటర్‌బ్రున్నెన్ నుంచి కేబుల్ కార్‌లో గ్రూట్ష్‌ఆల్ప్ ఎక్కి, పట్టాల పక్కనే మ్యూరెన్ దాకా నడిచే దారి ఇంకా సులువు. నాలుగున్నర కిలోమీటర్లు, దాదాపు చదును, మధ్యలో వింటెరెగ్ దగ్గర రైలూ హోటలూ ఉన్నాయి. మ్యూరెన్‌లోకి కార్లు రావు. ఆ ఊరి ఎత్తు 1,638 మీటర్లు. మన ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికంటే ఎత్తయిన కొండ శిఖరం కూడా అటూఇటూగా అంతే ఉంటుంది, అక్కడ మాత్రం ఆ ఎత్తులో జనం కిటికీల్లో పూలకుండీలు పెట్టుకుని కాపురం చేస్తున్నారు.

ఏదైనా జరిగితే

కొండ మీద రక్షణకి రేగా అనే హెలికాప్టర్ సంస్థ నంబరు 1414. సిగ్నల్ అందకపోతే 112 ప్రయత్నించండి. రేగా యాప్ ఫోన్‌లో ముందే వేసుకుంటే మీరున్న చోటు దానంతటదే వాళ్లకి చేరుతుంది. ఫోన్ పని చేయకపోతే ఈల గానీ టార్చి గానీ వాడాలి. నిమిషంలో ఆరుసార్లు ఊదాలి, ఒక నిమిషం ఆగాలి, మళ్లీ ఆరుసార్లు. నిమిషానికి మూడుసార్లు జవాబు వస్తే ఎవరో విన్నారన్నమాట. పది గ్రాములు కూడా లేని ఈల సంచికి కట్టుకోవడానికి బద్ధకం ఎందుకు?

వాన రోజున

నాలుగైదు రోజులుంటే ఒక రోజైనా వాన పడుతుంది. ఆ రోజు గదిలో కూర్చోకండి, పైకీ వెళ్లకండి. లౌటర్‌బ్రున్నెన్ లోయలో నడవండి. రెండు వైపులా నిలువు రాతి గోడలు, మధ్యలో చదునైన పచ్చిక, ష్టెఖెల్‌బెర్గ్ దాకా ఆరేడు కిలోమీటర్ల తారు, మట్టి దారి. ఊరు దాటకముందే ష్టౌబాఖ్ జలపాతం, దాదాపు 300 మీటర్ల పైనుంచి పడుతూ సగం దూరంలోనే తుంపరైపోతుంది. వాన పడుతున్నకొద్దీ మిగతా చోట్ల నుంచి కొత్త ధారలు పుట్టుకొస్తుంటాయి. అమ్మ పదిహేను దాకా లెక్కపెట్టి మానేసింది.

సగం దారిలో ట్రుమ్మెల్‌బాఖ్. ఐగర్, మోన్ఖ్, యుంగ్‌ఫ్రౌల హిమానీనదాల నీరంతా కొండ కడుపులోంచి పది జలపాతాలుగా దూకే చోటు. సెకనుకి 20,000 లీటర్ల దాకా. లోపలికి లిఫ్టు ఉంది, అక్కడి నుంచి తడి మెట్లు, రెయిలింగ్. లోపల మాట వినిపించదు, చొక్కా తడవక మానదు, నాలుగేళ్ల లోపు పిల్లల్ని రానివ్వరు. ఎలాగూ తడిసిన రోజు కాబట్టి ఇంకాస్త తడిసినా బాధ లేదు. బయటికొచ్చాక ఓపిక ఉంటే ష్టెఖెల్‌బెర్గ్ దాకా నడవండి. లేదంటే గేటు ఎదుటే బస్టాపు, పది నిమిషాల్లో లౌటర్‌బ్రున్నెన్‌లో దించుతుంది. బూట్లలో పాత న్యూస్‌పేపర్ కుక్కి పెట్టండి, పొద్దుటికి ఆరిపోతాయి.